చక్రాల చప్పుడు లేని క్లిప్పు

ఒట్టేసి చెప్పమంటే చెరువు మీద ఒట్టేస్తాను. రొయ్యలు పెంచే ఇంట్లో పుట్టినవాళ్ళు దేవుడి మీద అబద్ధపు ఒట్టు వేస్తారేమో గానీ, చెరువు మీద వెయ్యరు. కావాలంటే మా వైపు వచ్చి ఎవరినైనా అడగండి.

ఇది జరిగింది. నాకే జరిగింది. దయ్యం అని నేను ఒక్కసారి కూడా అనను. ఏమిటో తెలియనిదానికి పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

మాది పాలకొల్లు దాటాక కాలువ వెంట లోపలికి వెళ్తే వచ్చే ఊరు. చుట్టూ చెరువులే. రొయ్యల చెరువులో రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. అంటే నీళ్ళ మీద తేలుతూ, రెక్కలతో నీళ్ళని చిలికే చక్రాలు. అవి తిరిగితేనే నీళ్ళలోకి గాలి వెళ్తుంది. ఆగిపోయాయా... రొయ్యలకి ఊపిరాడదు. ముందు పైకి తేలతాయి. గట్టు వారకి చేరతాయి. ఎవరూ చూడకపోతే తెల్లారేసరికి అంతా అయిపోతుంది.

కిందటి పంట మాకు అలాగే పోయింది. నాన్న కాపలా ఉన్న రాత్రి. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో కన్ను మూతపడింది. ఆ దిగులుతో తిరుగుతూనే గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. ఇక కాపలాకి నేనే మిగిలాను.

మా పెదనాన్నగారికి ఇది గిట్టలేదు. ఆయన చెరువు మా చెరువు పక్కనే, మధ్యలో ఒక్క గట్టే అడ్డం. మంచం పక్కన కుర్చీ వేసుకుని నాన్నతో నా ఎదుటే అన్నారు.

"ఆడపిల్లని గట్టు మీద కూర్చోబెట్టి చెరువు చెయ్యడమేంట్రా తమ్ముడూ, నవ్విపోతారు. ఆ చెవులకి డిప్పలు పెట్టుకుని కంప్యూటర్‌లో తుపాకీలు పేల్చుకునే పిల్లకి చక్రాలు ఆగినా వినపడదు. చెరువు నాకు వదిలెయ్. నేను చూసుకుంటాను."

నాన్న మోచేతుల మీద కాస్త పైకి లేచారు. "ఈ ఒక్క పంటా దాని చేతిలో పెట్టానన్నయ్యా. ఇది కూడా పోతే చెరువు నీదే," అన్నారు.

అదండీ సంగతి. ఆ పంట నిలబడితే చెరువు మాది, పోతే పెదనాన్నగారిది. ఆయన చెడ్డాయనేమీ కాదు. కానీ ఆ డిప్పలు అన్న మాట నాకు ముల్లులా దిగింది. పట్టుబడి, అంటే వలలు వేసి రొయ్య పట్టే రోజు, అయ్యేదాకా ఆ మాట నాతోనే ఉంది.

ఆయన చెప్పిన ఆటా నిజమే, డిప్పలూ నిజమే. బీటెక్ చదువుకోమని కొనిచ్చిన లాప్‌టాప్. బీటెక్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, లాప్‌టాప్ మిగిలింది. చెరువు కాపలా అంటే నిద్ర రాకుండా కూర్చోవడం. నిద్ర రాకుండా ఉండాలంటే నాకు ఆటకి మించినది లేదు. చివరికి ఎవరో ఒకరు మిగిలేదాకా కాల్చుకునే ఆట. అందులో నా పేరు రొయ్యలపాప. ఆ పేరుతోనే చిన్న చానల్ ఒకటి పెట్టి, బాగా ఆడిన ముక్కలు అందులో వేస్తుంటాను. చూసేవాళ్ళు తక్కువే, కానీ మాటలు ఎక్కువ.

ఇక్కడ ఆ ముక్కలు ఎలా తీస్తానో చెప్పాలి. లేకపోతే అసలు విషయం మీకు అందదు. వేరే సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. కంప్యూటర్‌తో పాటే వస్తుంది. ఒకసారి ఆన్ చేసి పెడితే, మనం ఆడుతున్నంతసేపూ వెనకాల తన పాటికి తాను చూస్తూ ఉంటుంది. మంచి షాట్ పడిందనుకోండి... అయ్యో, రికార్డు పెట్టలేదే అని ఏడవక్కర్లేదు. విండో బొమ్మ ఉన్న కీ, ఆల్ట్, జి. మూడూ కలిపి నొక్కితే చాలు. అప్పటిదాకా జరిగిన ముప్పై సెకన్లూ వీడియో అయిపోతాయి. మైక్ ఆన్‌లో ఉంటే మన చుట్టూ వినపడేది కూడా అందులో పడుతుంది.

జరిగింది మాత్రమే. జరగనిది ఎలా పడుతుంది? నేను కూడా అలాగే అనుకునేదాన్ని.

నా మైక్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. కాబట్టి నా క్లిప్పులన్నిటిలో వెనకాల మా చక్రాల గోల ఉంటుంది. జర్ ర్ ర్... అని. కింద అందరూ అదే రాస్తారు. అక్కా, ఆ మిక్సీ కట్టెయ్యి. అక్కా, ఎంతసేపు రుబ్బుతావు పిండి. నిడదవోలులో సుధీర్ అని నా కాలేజీ స్నేహితుడు, సౌండ్ పనులు చేస్తాడు. గోల తీసేసే ఫిల్టర్ ఉంది, పెట్టుకో అన్నాడు. నేను పెట్టుకోలేదు. ఆ గోల ఉంటేనే నాకు ధైర్యం.

సరే. ఆ రాత్రి.

తెల్లారితే పట్టుబడి. ఐసు లారీకి కబురు వెళ్ళింది. వలలవాళ్ళు వస్తామన్నారు. రొయ్య బాగా ఎదిగింది, చెరువు నిండా ఉంది. అంత నిండుగా ఉన్నప్పుడే చక్రాలు కాసేపు ఆగినా తట్టుకోలేవు. పైగా తుఫాను మబ్బు. వాన లేదు. గాలి లేదు. గట్టు మీద అరటాకు కూడా కదలడం లేదు. నీళ్ళ మీద పొగలా ఏదో పట్టి ఉంది.

షెడ్డులో అమ్మ మంచం మీద పడుకుంది. నేను చెరువుకి కాపలా, అమ్మ నాకు కాపలా. బల్బు వెలుగుతోంది. నేను గట్టంతా ఒకసారి తిరిగొచ్చి, లాప్‌టాప్ తెరిచాను. నాన్న రెండు మాటలు చెప్పి పంపేవారు రోజూ. ఒక చెవి చెరువుకి ఉంచు. అనుమానం వస్తే ముందు జనరేటర్ దగ్గరికి నడువు, ఆలోచన అక్కడికెళ్ళాక చేసుకోవచ్చు.

ఒక చెవి ఉంచాను. చాలాసేపు ఉంచాను. కానీ ఆటలో నా జట్టువాళ్ళంతా పోయారు. అవతల ముగ్గురు. ఇవతల నేనొక్కదాన్ని. ఆ ఆటలో అడుగుల చప్పుడు వినపడితేనే బతుకుతాం. రెండో డిప్ప కూడా చెవి మీదకి లాక్కున్నాను.

ముగ్గురినీ కొట్టాను. ఒకడిని మెట్ల మీద, ఒకడిని తలుపు సందులోంచి, మూడోవాడిని... ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు పొంగుతుంది... వెనక్కి తిరక్కుండానే, అడుగుల చప్పుడు బట్టి. వెంటనే మూడు కీలూ నొక్కాను. క్లిప్పు సేవ్ అయిందని మూలన చిన్న పెట్టె వచ్చింది.

అలాంటి క్లిప్పు వెంటనే చూసుకోకుండా ఎవరుంటారు? తెరిచాను.

మెట్లు. మొదటివాడు. ఠక్. పడ్డాడు. తలుపు సందు... రెండోవాడు. నా గొంతు, గుసగుసగా, "రా... రా..." అంటున్నాను. అంతా బాగానే ఉంది. కానీ ఏదో తేడా. ఇంట్లో గడియారం ఆగిపోతే ఉంటుందే, అలా. ఏమిటో తెలియదు గానీ, ఏదో లేదు.

ఏది లేదు...

చక్రాలు లేవు.

క్లిప్పు మొదట్లో జర్ ర్ ర్ అని ఉంది. రెండోవాడు పడ్డాక... తగ్గింది... ఆగింది. తుపాకీ చప్పుడు ఉంది. నా ఊపిరి కూడా వినపడుతోంది. చక్రాలు లేవు.

డిప్పలు పీకి అవతల పారేశాను.

జర్ ర్ ర్ ర్...

తిరుగుతున్నాయి. శుభ్రంగా తిరుగుతున్నాయి. షెడ్డు రేకు కూడా ఎప్పటిలాగే సన్నగా అదురుతోంది. నాకు నవ్వొచ్చింది. మైక్ ఏదో మొరాయించింది అనుకున్నాను. డిప్పలు మళ్ళీ పెట్టుకుని, క్లిప్పు వెనక్కి జరిపి విన్నాను. లేదు. తీశాను. ఉంది. పెట్టుకున్నాను. లేదు... తీశాను. ఉంది.

ఈసారి నవ్వు రాలేదు. భయమేసింది. దేనికో తెలియదు. నా లాప్‌టాప్‌లో ఒక నిశ్శబ్దం ఉంది, అది బయట లేదు. అంతే.

అప్పుడు నాన్న మాట గుర్తొచ్చింది. ముందు జనరేటర్ దగ్గరికి నడువు.

టార్చి తీసుకుని లేచాను. అమ్మకి మెలకువ వచ్చింది.

"ఏంటే? ఎక్కడికి?"

"ఏం లేదమ్మా. జనరేటర్ దగ్గరికి."

"కరెంటుందిగా. బల్బు వెలుగుతోందిగా."

"ఉందమ్మా."

"మరి?"

టార్చి వేసుకుని బయటికి నడిచాను. చక్రాలన్నీ తిరుగుతున్నాయి. నురగ తెల్లగా లేస్తోంది. జనరేటర్ దగ్గర నిలబడి, దాని మీద చెయ్యి వేశాను. ఇనుము చల్లగా ఉంది. నా మీద నాకే చిరాకేసింది. పెదనాన్నగారు చూస్తే ఏమంటారో అనుకున్నాను. పిల్లకి పిచ్చి ముదిరింది అంటారు. వెనక్కి తిరిగాను.

జర్ ర్ ర్... ర్... ర్...

ఆగిపోయాయి.

అన్నీ. ఒకేసారి. నా కళ్ళ ముందే రెక్కలు మెల్లగా తిరిగి, తిరిగి... నిలబడిపోయాయి. నురగ నీళ్ళలో కలిసిపోయింది. వెనక్కి చూస్తే షెడ్డులో బల్బు వెలుగుతూనే ఉంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందన్నమాట. మాకు ఇది మామూలే. మోటార్లు ఆగిపోతాయి, బల్బు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతుంది. నేను లోపల రెండు డిప్పలూ పెట్టుకుని కూర్చుని ఉంటే... బల్బు చూసుకుని ఆడుకుంటూనే ఉండేదాన్ని.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అదే నిశ్శబ్దం. ఇప్పుడే చెవుల్లో విన్నది.

కరెంటు లైను నుంచి జనరేటర్‌కి మార్చే హ్యాండిల్ కిందికి లాగాను. తాళం తిప్పాను. మూలిగింది. ఆగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ మూలిగింది. టార్చి వెలుగు నీళ్ళ మీద పడింది. టార్చి వేస్తే రొయ్యల కళ్ళు ఎర్రగా మెరుస్తాయి, తెలుసా? మామూలుగా అక్కడొకటి ఇక్కడొకటి. అప్పుడు గట్టు వారంతా ఎర్రటి చుక్కలు. కదలకుండా. అన్నీ నా వైపే.

"రావే తల్లీ," అన్నాను జనరేటర్‌తో. ఏడుపొచ్చేస్తోంది. మూడోసారి తిప్పాను.

అందుకుంది.

దాని గర్జన వినపడగానే నాకు ఒంట్లో ప్రాణం వచ్చింది. స్టార్టర్ల దగ్గరికి పరిగెత్తి పచ్చ బటన్లు ఒక్కొక్కటే నొక్కాను. ఒక చక్రం లేచింది. ఇంకొకటి. ఇంకొకటి. నురగ మళ్ళీ తెల్లగా పొంగింది. ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే లోపలికి జారిపోయాయి.

అప్పుడు పక్కకి చూశాను. పెదనాన్నగారి చెరువు నల్లగా, నిలకడగా ఉంది. ఆయనదీ అదే లైను. ఆయన కాపలా మనిషి పెళ్ళికి వెళ్ళాడని, ఆ రాత్రి ఆయనే వచ్చి పడుకున్నారు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. జనరేటర్ వదిలి నేను కదలలేను.

"అమ్మా, పెదనాన్నగారిని లేపాలి," అని అరిచాను.

మా అమ్మ సంగతి మీకు తెలియదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ బావగారి ఎదుట గొంతెత్తి ఎరగదు. ఆయనొస్తే తలుపు చాటుకి వెళ్ళిపోతుంది. ఆ మనిషి చెప్పుల్లేకుండా గట్టు మీద పరిగెత్తింది. ఆయన షెడ్డు రేకు తలుపు మీద కర్రతో దబదబా బాదింది.

"బావగారండీ. చక్రాలు ఆగిపోయాయండీ. లేవండి బావగారూ."

కాసేపటికి తలుపు తెరుచుకుంది. నేను టార్చి వేశాను. పెదనాన్నగారు. తలచుట్టూ, రెండు చెవులూ మూసుకుపోయేలా, మఫ్లరు గట్టిగా బిగించి కట్టుకుని ఉన్నారు.

మా చక్రాల వైపు ఒక్కసారి చూసి, తన జనరేటర్ దగ్గరికి పరిగెత్తారు. ఆ డిప్పల మాట నేను ఎత్తక్కర్లేకపోయింది.

తెల్లారింది. వలలు పడ్డాయి. మా చెరువులో రొయ్య వలలో ఎగిరెగిరి పడుతుంటే, ఐసు పెట్టెల మీద ఆ టపటపలు వింటుంటే, నాకు ఎవరినైనా ఎత్తి గిరగిరా తిప్పాలనిపించింది. నాన్నని కుర్చీతో సహా గట్టు మీదకి మోసుకొచ్చారు. విరిగిన కాలు చాపుకుని, ఒక రొయ్యని చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, మళ్ళీ పెట్టెలో వేశారు. కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. దాచుకోవడం ఎందుకు?

పెదనాన్నగారు వచ్చారు. మఫ్లరు లేదు. వలలవాళ్ళూ లారీవాళ్ళూ అందరూ ఉండగానే అన్నారు.

"చెరువు సంగతి నేనింక ఎత్తనురా తమ్ముడూ. నా చెరువు కూడా నీ కూతురే నిలబెట్టింది." నా వైపు తిరిగారు. "అది సరే గానీ అమ్మాయ్, ఆగకముందే లేచి వెళ్ళావంట కదా. మీ అమ్మ చెప్పింది. ఎలా తెలిసిందే నీకు?"

"అనుమానం వచ్చిందండి."

"దేని మీద?"

"ఊరికేనండి."

ఆ మధ్యాహ్నం లారీ వెళ్ళిపోయాక, ఆ ఊపులో క్లిప్పు చానల్‌లో పెట్టేశాను. మళ్ళీ చూసుకోను కూడా లేదు. ముగ్గురిని ఒక్కదాన్నే కొట్టాను, చెరువు నిలబెట్టాను, పెదనాన్నగారి నోటితో ఆ మాట అనిపించాను. ఆ రోజు నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. అన్నం రెండోసారి వడ్డించుకుని తింటూ, ఫోన్ తీసి కింద ఏం రాశారో చూశాను.

మొదటిది... అక్కా, ఈసారి మిక్సీ గోల లేదేంటి, మైక్ మార్చావా?

నవ్వుకున్నాను. అలా వినపడింది నాకొక్కదానికే కాదన్నమాట. కాస్త ధైర్యం వచ్చింది.

దాని కింద ఇంకొకటి.

గెలిచావు కదా అక్కా... చివర్లో ఎందుకు ఏడుస్తున్నావు?

కంచం పక్కకి నెట్టాను.

రాత్రి నేను ఆ క్లిప్పు చివరిదాకా వినలేదు. చక్రాలు లేవని తెలియగానే తీసేస్తూ, పెడుతూ ఉన్నాను. అంతే. లేచి, చెయ్యి కడుక్కుని, లాప్‌టాప్ తెచ్చుకుని, అమ్మ పక్కన కూర్చుని, అప్పుడు పెట్టాను.

మెట్లు. తలుపు. రెండోవాడు. చక్రాలు తగ్గాయి... ఆగాయి. మూడోవాడు వెనకాల పడ్డాడు. గెలిచినట్టు తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆ తర్వాత కొద్ది సెకన్లు ఉన్నాయి.

టప్.

టప్... టప్.

టపటపటప...

నీళ్ళ మీద. పొద్దున ఐసు పెట్టెల్లో విన్న చప్పుడే, కానీ నీళ్ళ మీద. ఊపిరాడక రొయ్యలు పైకెగిరి పడుతుంటే అలా ఉంటుంది. నాన్న చేతిలో కిందటి పంట పోయినప్పుడు, తెల్లారగట్ల గట్టు మీదకి పరిగెత్తుకొచ్చి నేను విన్నాను ఆ చప్పుడు. మర్చిపోయే చప్పుడు కాదు.

దాని మీద ఒక గొంతు. దూరంగా, గట్టు మీది నుంచి వచ్చినట్టు.

"నాన్నా... నేనే పోగొట్టాను నాన్నా..."

నా గొంతు.

అక్కడికి క్లిప్పు అయిపోయింది.

ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు. ఆ రాత్రి కాదు, ఏ రాత్రీ కాదు. పోగొట్టలేదు కదా, ఎందుకంటాను? అమ్మ విని నా తల తన ఒళ్ళోకి లాక్కుంది. సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు, చూశావా ఎంత దిష్టి ఉందో అంది.

చానల్‌లోంచి దాన్ని తీసేశాను. సుధీర్‌కి మాత్రం పంపాను. వాడు తెలివైనవాడే. ఒకే రకంగా వచ్చే గోలని కంప్యూటర్ తనంతట తానే తీసేసి ఉండొచ్చన్నాడు. ఫిల్టర్ ఆన్‌లో లేదు కదరా అన్నాను. అప్‌డేట్‌లో ఆన్ అయి ఉండొచ్చన్నాడు. సరే. ఆ టపటపలు? కీబోర్డేమో అన్నాడు. ఆ గొంతు? ఇంకోసారి పెట్టుకుని విన్నాడు.

"నీ గొంతే కదే," అన్నాడు.

"నేననలేదురా."

"మరి నేనేం చెప్పను," అన్నాడు.

చివరికి నాన్న దగ్గర పెట్టాను. డిప్పలు ఆయన చెవులకి నేనే తొడిగాను. కళ్ళు మూసుకుని విన్నారు. తీసి నా చేతిలో పెట్టారు.

"ఈ ఏడుపు నాకు తెలుసమ్మా," అన్నారు. "కిందటి పంట రోజు గట్టు మీద నాకు ఇలాగే వచ్చింది. నీకు రాలేదు. అది చాలు."

అది జరిగాక ఇంకో రెండు పంటలు తీశాం. రెండూ నిలబడ్డాయి. ఇప్పుడు చుట్టుపక్కల చెరువులవాళ్ళు కూడా రాత్రిపూట ఫోన్ చేసి, అమ్మాయ్, లైను బాగుందా అని నన్నే అడుగుతారు. పెదనాన్నగారు కూడా. అడిగితే ఠీవిగా చెబుతాను. ఎందుకు చెప్పను, సంపాదించుకున్న పేరు అది.

ఆ క్లిప్పు నా దగ్గరే ఉంది. తుడిచెయ్యమంది అమ్మ. మనసొప్పలేదు. అందులో ఉన్నది ఎవరో, ఏ రాత్రిలో ఉందో నాకు తెలియదు. ఆమె వల్లే మా చెరువు నిలబడింది. ఆమె చెరువు మాత్రం పోయింది.

రోజూ రాత్రి ఆట మధ్యలో ఒక్కసారి ఆ మూడు కీలూ నొక్కుతాను. బాగా ఆడానా లేదా అని కాదు. క్లిప్పు తెరిచి, డిప్పలు పెట్టుకుని వింటాను. జర్ ర్ ర్ అని చక్రాలు వినపడగానే ఆపేస్తాను.

చివరిదాకా మాత్రం వినను.